మన మంచుకి ఫోర్ బై ఫోర్ కావాలా?

నెలల తరబడి మా ఇంట్లో ఒకటే చర్చ. పాత బండి ఇచ్చేసి ఫోర్ బై ఫోర్, అంటే ఇంజన్ బలం నాలుగు చక్రాలకీ అందే బండి, తీసుకోవాలా, వద్దా? మా ఆయన తీసుకుందామంటారు. నేను ఒకరోజు సరే అంటాను, రాత్రి లెక్కల పుస్తకం ముందేసుకుని మర్నాడు వద్దంటాను. ఈ వారం తేల్చేశాం కాబట్టి ఎలా తేల్చామో రాస్తున్నాను. కారు వెనక ట్రైలర్ తగిలించి నడిపేవాళ్ళు మన వైపు తక్కువే, కానీ వైజాగ్‌లో ఫుడ్ ట్రైలర్లు పెరుగుతున్నాయి, చలికాలం రాగానే అరకో లంబసింగో వంజంగో తీసుకెళ్దామని చాలామందికి ఉంటుంది. వాళ్ళకి ఒక్క ముక్క పనికొచ్చినా చాలు.

మాది టిఫిన్ ట్రైలర్. మామూలు రోజుల్లో వైజాగ్ కొమ్మాదిలో పెడతాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం శుక్రవారం మధ్యాహ్నం దాన్ని బండికి తగిలించుకుని అనకాపల్లి, తాళ్ళపాలెం, నర్సీపట్నం, డౌనూరు మీదుగా లంబసింగి వెళ్ళిపోతాం, ఆదివారం మధ్యాహ్నం దిగుతాం. పోనూ వంద కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి చెరువులవేనం కొండ మీద మేఘాలు చూడ్డానికి జనం తెల్లవారుజామున మూడింటి నుంచే వస్తుంటారు, ఆ చలిలో వణుకుతూ అల్లం టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని ఊరికే అలా నిలబడిపోతారు. మాకు ఆ రెండు రోజుల అమ్మకం ఇక్కడి వారం రోజుల అమ్మకంతో సమానం. పిల్లల ఫీజులు ఆ నాలుగు నెలల మీదే కడతాం.

లాగేది పాత డీజిల్ బండి, డ్రైవ్ వెనక చక్రాలకే. నడిపేది నేను. మా ఆయనకి ఘాట్‌లో కళ్ళు తిరుగుతాయి.

ఇంతకీ ఈ చర్చ ముదిరింది షోరూములో. నిరుడు సీజన్ అయ్యాక ఊరికే చూసొద్దామని వెళ్ళాం. "ట్రైలర్ లాగుతామంటున్నారు, చలికాలంలో మంచులోకి వెళ్తామంటున్నారు, మరి మీకు ఫోర్ బై ఫోర్ తప్పదు మేడమ్" అన్నాడు అక్కడి అబ్బాయి. వినగానే నిజమే కదా అనిపించింది. ఇంటికొచ్చి యూట్యూబ్‌లో చూస్తే అందరూ అదే మాట, మంచులో ఫోర్ బై ఫోర్ లేకపోతే అంతే సంగతులు అని. ఒక వీడియోలో బండి తెల్లటి మంచులో సగం చక్రం దిగబడి, నాలుగు చక్రాలూ తిరిగి బయటికొచ్చింది. అప్పుడు ఆగి ఆలోచించాను. ఈ మంచు మా మంచు కాదు కదా!

మనకి అన్నిటికీ ఒకటే మాట. తెల్లారి గడ్డి మీద నీటిబొట్లూ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేసేదీ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, రాత్రి బయట ఉండిపోతే కొర్రలా బిగుసుకుపోతారని. అంత చలి. వెయ్యి మీటర్ల ఎత్తు, డిసెంబరు జనవరుల్లో ఒక్కోరోజు సున్నా దగ్గరికి వెళ్తుంది. అయినా అక్కడ రోడ్డు మీద మంచు పేరుకోదు. మనాలీలో అయితే మంచు పడ్డాక సోలాంగ్ దాటి అటల్ టన్నెల్ వైపు ఫోర్ బై ఫోర్ బళ్ళనో, చక్రాలకి గొలుసులు కట్టినవాటినో మాత్రమే వదులుతారు. అక్కడ మంచు చక్రాల కింద ఉంటుంది. మన మంచు కళ్ళ ముందు ఉంటుంది. పొగమంచులో నాలుగు చక్రాలు తిరిగినా, రెండే తిరిగినా ఎదుటి లారీ కనపడేది పది అడుగుల్లోనే.

ఆ పొగమంచుకి కావలసినవి వేరు. హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి మన మొహం మీదే పడుతుంది, లో బీమ్ వేసుకుని, కింద ఫాగ్ లైట్లు వేసుకుని, ఎడమ పక్క తెల్ల గీత పట్టుకుని మెల్లగా పోవాలి. ట్రైలర్ ఉంటే ఇంకో సంగతి. వెనక వచ్చేవాడికి కనపడేది ట్రైలర్, మన బండి కాదు. మొదటి ఏడాది వైరింగ్ ప్లగ్గు లూజై ట్రైలర్ వెనక లైట్లు ఆరిపోయాయి, మాకు తెలీదు, వెనకొచ్చిన జీపు డ్రైవరు ఆఖరి క్షణంలో బ్రేకేసి దిగి తిట్టాడు. ఆయన తిట్టడం న్యాయమే. అప్పట్నుంచి ఘాట్ కింద ఆగి, ప్లగ్గు చేత్తో నొక్కి, మా ఆయన్ని వెనక నిలబెట్టి లైట్లు, ఇండికేటర్లు చూశాకే ఎక్కుతాను. రెండు వందల రూపాయల ఎర్ర రిఫ్లెక్టర్ టేపు కూడా చుట్టూ అంటించాం.

సరే, మంచు లెక్క అలా తేలింది. మరి లాగడం?

ఇక్కడ మాత్రం ఫోర్ బై ఫోర్ వైపు వాదనలో బలం ఉంది, దాన్ని మేం ఒళ్ళంతా బురదతో నేర్చుకున్నాం. మేం ట్రైలర్ పెట్టే చోటుకి మెయిన్ రోడ్డు నుంచి ఒక యాభై గజాల మట్టి బాట ఎక్కాలి, ఎర్ర మట్టి. పగలు రాయిలా ఉంటుంది, తెల్లారేసరికి మంచు నీళ్ళకి పైన ఒక పొర జారుడుగా అవుతుంది. నిరుడు సంక్రాంతి తర్వాత శనివారం అయితే రాత్రి చిన్న వాన కూడా పడింది. గ్యాస్ తెచ్చుకోవడానికి ట్రైలర్‌తో సహా కిందికి దిగాం, మళ్ళీ ఎక్కబోతే సగంలో ఆగిపోయింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ గోల తప్ప కదలదు. అద్దంలోంచి చూస్తే ఎడమ వెనక చక్రం గిర్రున తిరుగుతూ ఎర్ర బురదని మా ట్రైలర్ బోర్డు మీదికి కొడుతోంది, కుడి చక్రం చూస్తే కదలకుండా అలా నిలబడే ఉంది.

అది చూసినప్పుడే నాకు డిఫరెన్షియల్ అంటే ఏంటో అర్థమైంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కాబట్టి రెంటికీ మధ్య దాన్ని పెడతారు. కానీ ఒక చక్రానికి పట్టు పోతే, ఇంజన్ శక్తి తేలిగ్గా తిరిగేవైపే పోతుంది, పట్టున్న చక్రానికి ఏమీ మిగలదు. అంటే టూ వీల్ డ్రైవ్ బండి బురదలో పడితే నిజానికి వన్ వీల్ డ్రైవ్. మామూలు ఫోర్ బై ఫోర్‌లో కూడా ముందు ఒకటీ వెనక ఒకటీ పట్టు పోతే ఇదే కథ, అందుకే కొన్ని బళ్ళకి రెండు చక్రాలూ కలిసే తిరిగేలా బిగించే లాకింగ్ డిఫరెన్షియల్ పెడతారు, కొన్నిటికి తిరిగే చక్రానికి మాత్రమే బ్రేకు పడేలా ఎలక్ట్రానిక్స్ పెడతారు.

అక్కడ టీ కొట్టు పెట్టే కుర్రాడు వచ్చి, "అక్కా, హ్యాండ్ బ్రేకు కొంచెం లాగి పట్టుకుని తొక్కు" అన్నాడు. రెండు మూడు పళ్ళు లాగాను. తిరిగే చక్రానికి కూడా కాస్త అడ్డు తగలడంతో కుడి చక్రానికి బలం వచ్చింది, బండి ఒక అడుగు కదిలింది, మళ్ళీ జారింది. గోనె సంచులు వేశాం. టైర్లలో గాలి తగ్గించాం. చివరికి ట్రాక్టరు వచ్చి లాగింది, ఐదు వందలు. అప్పటికి ఆరున్నర, మేఘాలు చూసి దిగే జనమంతా మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయారు. ఒక ఉదయం బేరం మొత్తం పోయింది. కలిపి ఉంచిన పిండి రెండు గిన్నెలు పులిసిపోయింది. మా ఆయన ఆ రోజు నుంచే ఫోర్ బై ఫోర్ పాట అందుకున్నారు, అందుకోవడం తప్పూ కాదు.

ఈ మాట తేల్చుకోవడానికి కాగితం మీద లెక్క వేశాను, మీరూ మీ బండికి వేసుకోవచ్చు. మా బండి మనుషులతో కలిపి సుమారు 1,900 కిలోలు, ట్రైలర్ సరుకుతో 700. మొత్తం 2,600. పది మీటర్లకి ఒక మీటరు లేచే ఎక్కుడులో ఈ బరువుని పైకి నెట్టాలంటే బరువులో పదో వంతు, 260 కిలోల తోపు కావాలి. తారు మీద చక్రాలు దొర్లడానికి ఇంకో 40. మొత్తం 300. మా వెనక చక్రాల మీద పడే బరువు, ట్రైలర్ ముక్కు మన హుక్కు మీద మోపే బరువు కూడా కలుపుకుని, దాదాపు 1,000 కిలోలు. అంటే ఆ వెయ్యిలో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ, 0.3 పట్టు ఉంటే చాలు. పొడి తారు మీద 0.7 దాకా ఉంటుంది, తడి తారు మీద కూడా 0.4, 0.5 దొరుకుతుంది. కాబట్టి డౌనూరు ఘాట్ ఎక్కడానికి వెనక చక్రాల డ్రైవ్ పుష్కలంగా సరిపోతుంది. ముందు చక్రాల డ్రైవ్ కార్లకి అయితే ఇబ్బందే, ట్రైలర్ ముక్కు వెనక నొక్కితే ముందు తేలికవుతుంది, తిప్పాల్సిన చక్రాల మీదే బరువు తగ్గుతుంది.

అదే ఎక్కుడు బురదలో అయితే? చక్రాలు దిగబడుతుంటాయి కాబట్టి దొర్లడానికే ఇంకో 260 కిలోలు వేసుకోండి. మొత్తం 520. వెయ్యి మీద 520 అంటే 0.52 పట్టు కావాలి, తడి ఎర్ర మట్టి అంత ఇవ్వదు. ఫోర్ బై ఫోర్ అయితే బండి బరువంతా, ముక్కు బరువు 70 అనుకుని కలిపితే 1,970 కిలోలూ పనిచేస్తాయి, 0.26 చాలు. ఇదీ తేడా. అరకొర తేడా కాదు, ఎక్కడమా ఆగిపోవడమా అన్నంత తేడా.

కాగితాన్ని నమ్మి ఫోర్ బై ఫోర్‌కి అదనంగా రెండు లక్షలు పెట్టలేం కదా. ఆగస్టులో మా పక్కవీధిలో ఉండే అన్నయ్యగారి దగ్గర ఫోర్ బై ఫోర్ జీపు అడిగి, ఆయన్ని కూడా వెంటబెట్టుకుని, ట్రైలర్ తగిలించుకుని అదే బాటకి వెళ్ళాం. వానాకాలం, బాట జనవరిలో కన్నా అధ్వాన్నం. ముందు టూ హైలో, అంటే వెనక రెండు చక్రాలకే శక్తి వెళ్ళే మామూలు పద్ధతిలో, వేసి చూశాం, మా బండిలాగే సగంలో ఆగింది. బండి ఆపి న్యూట్రల్‌లో పెట్టి చిన్న లివరుని ఫోర్ లోలోకి, అంటే నాలుగు చక్రాలకీ మెల్లగా ఎక్కువ బలం ఇచ్చే గేరులోకి, లాగారు, కింద ఏదో పళ్ళు పట్టుకున్నట్టు టక్‌మని చప్పుడు. తర్వాత నేను యాక్సిలరేటర్ మీద కాలు పెట్టనే లేదు. క్లచ్ వదిలాను అంతే, నడిచి వెళ్ళే మనిషి వేగంతో, చక్రం జారకుండా, బురద చిమ్మకుండా, ట్రైలర్‌తో సహా పైకెక్కి కూర్చుంది. మా ఆయన నా వైపు చూశారు. ఆ క్షణం ఎవరైనా చెక్కు ఇస్తే సంతకం పెట్టేసేదాన్ని.

అంత బాగుంది కాబట్టే దిగేటప్పుడు ఇంకా శ్రద్ధగా గమనించాను.

దిగడం గురించే నేను ఎక్కువ రాయాలి. కొండ మీద ఇరుక్కున్న రోజు చిరాకు పడ్డాను, ఏడుపొచ్చింది, కానీ భయపడలేదు. నిజంగా భయపడింది నిరుడు డిసెంబరులో, ఆదివారం సాయంత్రం ఘాట్ దిగుతుంటే. మూడో గేరులో దిగుతున్నాను, రెండోలో దిగాల్సింది. ప్రతి మలుపు ముందూ బ్రేకు, బ్రేకు, బ్రేకు. సగం దూరం వచ్చాక కాలిన వాసన వచ్చింది, పొయ్యి మీద ప్లాస్టిక్ గరిటె పెట్టి మర్చిపోతే వస్తుందే, అలాంటిది. ఆ తర్వాత మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ ఎప్పటికన్నా కిందికి వెళ్ళింది, బండి ఎప్పటికన్నా ఆలస్యంగా తగ్గింది, వెనకనుంచి ట్రైలర్ నెడుతున్నట్టు హుక్కు దగ్గర గుద్దు. సీట్లోంచి తెలుస్తుంది ఆ గుద్దు, నడుముకి. రెండో గేరులోకి దించి, ఎడమ పక్క వెడల్పున్న చోట ఆపేశాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. ముప్పావుగంట కూర్చున్నాం. నీళ్ళు పోయకూడదు, వేడి మీద నీళ్ళు పడితే డిస్కు వంకర పోవచ్చు.

దీని లెక్క కూడా వేశాను. 2,600 కిలోల బరువు 900 మీటర్లు కిందికి దిగితే పుట్టే శక్తి అంతా వేడిగా మారిందనుకుంటే, చల్లటి నీళ్ళని 70 లీటర్ల దాకా మరిగించొచ్చు. గంటలోపు. అందులో కొంత గాలికీ టైర్లకీ పోతుంది, మిగతాదాన్ని ఇంజన్ అన్నా పట్టుకోవాలి, బ్రేకులన్నా పట్టుకోవాలి. చిన్న గేరులో దిగితే ఇంజన్ పట్టుకుంటుంది, లేకపోతే పళ్ళెమంత డిస్కులు రెండూ, వెనక డ్రమ్ములు రెండూ ఆ వేడిని మోయాలి.

మరి ఇందులో ఫోర్ బై ఫోర్ చేసేదేంటి? బ్రేకులు అన్ని బళ్ళకీ నాలుగు చక్రాలకే ఉంటాయి. ఫోర్ బై ఫోర్‌కి ఐదో బ్రేకు ఉండదు. పైగా బండి ఇంకో వంద కిలోలు బరువు. ఇంకా ముఖ్యమైనది చాలామంది చెప్పనిది ఏంటంటే, లివరుతో వేసే పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌ని పొడి తారు మీద వెయ్యకూడదు. ముందు చక్రాలనీ వెనక చక్రాలనీ ఒకే వేగానికి బిగించేస్తుంది, కానీ హెయిర్‌పిన్ మలుపులో ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరగాలి, వెనకవి చిన్న చుట్టు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు, ఆ మెలి అంతా షాఫ్టులూ గేర్ల మీద పడుతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. కాబట్టి ఆ జీపుని కూడా ఘాట్ పొడవునా టూ హైలోనే నడిపాం. ఎక్కేటప్పుడూ టూ హై, దిగేటప్పుడూ టూ హై. అంటే రెండు వందల కిలోమీటర్ల పైన రాను పోను ప్రయాణంలో అది పనికొచ్చింది ఆ యాభై గజాలకి. బురద దిగుడులో అయితే ఫోర్ లో నిజంగా దేవుడే, ఇంజన్ పట్టు నాలుగు చక్రాలకీ పంచుతుంది, ట్రైలర్ నెట్టినా వెనక భాగం పక్కకి పోదు. మాకు అలాంటి దిగుడు కూడా ఆ బాటే.

ఎప్పుడూ నాలుగు చక్రాలకీ శక్తి పంచుకునే ఆల్ వీల్ డ్రైవ్ రకం అయితే తారు మీద కూడా పనిచేస్తుంది, ఆ తేడా తెలుసుకోండి. షోరూములో రెంటినీ కలిపి ఒకే మాట చెప్తారు.

మా మరిది మిన్నెసోటాలో ఉంటాడు, అక్కడ నాలుగైదు నెలలు నిజం మంచు. వాణ్ణి అడుగుదామని ఫోన్ చేశాను. "వదినా, ఆల్ వీల్ డ్రైవ్ ఉందని మొదటి ఏడాది మామూలు టైర్లతోనే నడిపాను. సిగ్నల్ దగ్గర అందరికన్నా ముందు కదిలేవాణ్ణి, ఆపాల్సి వస్తే అందరిలాగే జారేవాణ్ణి. మరుసటి ఏడాదే వింటర్ టైర్లు వేయించాను" అన్నాడు. చలి 7 డిగ్రీల కిందికి పోతే మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది, వింటర్ టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది, అదీ దాని గుట్టు. మనకి అవి అక్కర్లేదు, మన చలి తెల్లారి రెండు మూడు గంటలే, మధ్యాహ్నానికి ఎండ. కానీ వాడు చెప్పింది నాకు బాగా పట్టింది. కదలడానికి డ్రైవ్, ఆగడానికి టైరూ బ్రేకూ.

అక్కడితో నా ప్రశ్న మారిపోయింది. ఫోర్ బై ఫోర్ కావాలా వద్దా అని కాదు, ఉన్న డబ్బుని కదలడానికి పెట్టాలా, ఆగడానికి పెట్టాలా అని.

ధరల మాట. మేం అడిగిన రెండు చోట్లా ఒకే బండిలో టూ వీల్‌కీ ఫోర్ బై ఫోర్‌కీ రెండు లక్షల పైన తేడా చెప్పారు, లైఫ్ టాక్సూ ఇన్సూరెన్సూ ధరని బట్టే కాబట్టి చేతికొచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. మైలేజీ కొంచెం తగ్గుతుంది. ముందు డిఫరెన్షియల్, ముందు చక్రాలకి కూడా శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, వాటి ఆయిళ్ళు, సీళ్ళు, అన్నీ అదనపు సర్వీసు. రెండో వైపు, మేం నిరుడు సీజన్ మొత్తంలో ఇరుక్కుంది మూడుసార్లు. ట్రాక్టరుకి 1,500, పోయిన బేరం ఒక పూట. పదేళ్ళు ఇలాగే ఇరుక్కున్నా రెండు లక్షలు కాదు.

కానీ ఈ లెక్క మాది. పాడేరు, చింతపల్లి లోపలి ఊళ్ళ నుంచి కాఫీ మూటలు దించే పికప్ వాళ్ళకి రోజూ మట్టి బాటే, కాఫీ పళ్ళు కోసేదీ ఈ చలికాలంలోనే, వాళ్ళకి ఫోర్ బై ఫోర్ మొదటి నెల నుంచే తన ఖర్చు తను సంపాదించుకుంటుంది. ఇసకలోంచి పడవ ట్రైలర్ లాగాల్సిన వాళ్ళకీ అంతే, తడి ఇసకలో వెనక చక్రాల డ్రైవ్‌తో పడవని నీళ్ళ అంచు నుంచి లాగడం అంటే ప్రతిసారీ పదిమంది మనుషుల్ని పిలవడమే. వాళ్ళు నా మాట విని మానేస్తే నష్టపోతారు. వారానికి ఎన్ని గజాలు తారు కాని చోట లాగుతున్నారు, అక్కడ ఆగిపోతే ఎవరైనా సాయం వస్తారా, ఈ రెండూ నిజాయితీగా రాసుకోండి, జవాబు అందులోనే ఉంటుంది.

మేం చేసింది ఇది. గాజువాక ఆటోనగర్‌లో మాకు ఎప్పట్నుంచో తెలిసిన మెకానిక్ దగ్గరికి ట్రైలర్ తీసుకెళ్ళాం. ఆయన ముందుగా అడిగింది, "ఏటమ్మా, దీనికి బ్రేకులే లేవా?" అని. లేవు. 750 కిలోల లోపు ట్రైలర్లకి బ్రేకు లేకపోయినా యూరప్‌లో కూడా ఒప్పుకుంటారు, మాది 700, కాబట్టి పర్వాలేదనుకున్నాం. చదునులో పర్వాలేదు. ఘాట్‌లో ఆ 700 కిలోల్నీ ఆపేది మా బండి బ్రేకులే, అందుకే ఆ రోజు ఆ వాసన. ఓవర్‌రన్ బ్రేకు ఉన్న కప్లింగ్ తెప్పించి, ట్రైలర్ ఇరుసుకి డ్రమ్ములు వేయించాం. అది పనిచేసే తీరు నాకు చాలా నచ్చింది. కరెంటు లేదు, మన బండితో పైపు కలపడం లేదు. మన బండి నెమ్మదిస్తే ట్రైలర్ ముందుకి తోసుకొస్తుంది కదా, ఆ తోపుకే హుక్కు దగ్గరున్న గొట్టం లోపలికి జరిగి, ఒక లివరుని తిప్పి, కేబుల్ లాగి, ట్రైలర్ చక్రాలకి బ్రేకు వేస్తుంది. ఎంత గట్టిగా నెడితే అంత గట్టిగా ఆపుకుంటుంది.

వెనక టైర్లు రెండూ మార్చేశాం, మట్టికీ తారుకీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం. గాలి తగ్గించినచోట మళ్ళీ కొట్టుకోవడానికి బ్యాటరీకి తగిలించే చిన్న పంపు కొన్నాం. బ్రేక్ లైనర్లు, బ్రేక్ ఆయిల్ కొత్తవి. పాత బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, వేడికి అందులోని నీరు ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, నా పెడల్ ఆ రోజు కిందికి వెళ్ళడానికి అదీ ఒక కారణం అంటారాయన. అన్నీ కలిపి ఫోర్ బై ఫోర్ తేడా డబ్బులో సగం కూడా కాలేదు.

బరువు కూడా తగ్గించాం. ఇంతకాలం 200 లీటర్ల నీళ్ళ డ్రమ్ము కింద నుంచే నింపుకుని వెళ్ళేవాళ్ళం, పైన నీళ్ళు బాగుండవేమోనని. 200 కిలోలు! అదీ ట్రైలర్ వెనక మూల పెట్టేవాళ్ళం, గిన్నెలు కడగడానికి వీలుగా. అందుకే అనకాపల్లి హైవే మీద 70 దాటితే ట్రైలర్ తోకలా ఊగేది, నేను గాలి అనుకునేదాన్ని. బరువు ఇరుసుకి వెనక పెడితే ఊగుతుంది, కాస్త ముందుకి పెట్టి ముక్కు మీద పదో వంతు బరువు పడేలా చూసుకోవాలి. ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు వెయ్యకూడదు, స్టీరింగ్ తిప్పకూడదు, యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి. ముక్కు బరువు చూడ్డానికి ఇంట్లో మనుషుల బరువు చూసే మెషీనే వాడాం, దాని మీద ఒక చెక్క నిలబెట్టి ట్రైలర్ ముక్కు ఆనించాం. 24 కిలోలు చూపించింది మొదట. గ్యాస్ సిలిండర్లు, పిండి డబ్బాలు ముందుకి జరిపాక 58.

ఒక మాట మర్చిపోయాను. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబరు. మీ బండి మాన్యువల్‌లో ట్రైలర్ గురించి ఏం రాశారో కొనేముందే చదవండి, కొన్ని బళ్ళకి లాగొద్దని తేటగా రాసి ఉంటుంది. ఇన్సూరెన్సు వాళ్ళకీ ముందే చెప్పండి.

మట్టి బాట మాటేంటని మా ఆయన అడిగారు. టీ కొట్టు కుర్రాడితో మాట్లాడాను. ఈసారి శుక్రవారం సాయంత్రం, మంచు పడకముందే, బాట గట్టిగా ఉండగానే ట్రైలర్ పైకి చేర్చేస్తాం, ఆదివారం మధ్యాహ్నం ఎండకి ఆరాకే కదుపుతాం, మధ్యలో గ్యాస్ కావాలంటే బండి ఒక్కటే వెళ్తుంది. వాన పడితే ట్రాక్టరుకి తనే ఫోన్ చేస్తానన్నాడు. "నీళ్ళు మా బోరులోవి పట్టుకో అక్కా, మేం తాగేవే" అన్నాడు. అడగకుండా మూడేళ్ళు నీళ్ళు మోశాం.

నిన్న ఆటోనగర్‌లో ట్రైలర్ తెచ్చుకునే ముందు మెకానిక్ హెల్పరుని అడిగాను, ఒకసారి పనిచేసి చూపించమని. అబ్బాయి ట్రైలర్ చక్రాలని జాకీ మీద లేపి ఒకదాన్ని చేత్తో తిప్పి వదిలాడు, గాల్లో తిరుగుతోంది. ఇంకొకడు హుక్కు గొట్టాన్ని భుజంతో వెనక్కి నెట్టాడు, ఒక అంగుళం జరిగింది, కేబుల్ బిగిసింది, చక్రం కిర్రుమని ఆగింది. ఇంకోసారి అన్నాను. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆగింది. రెండో చక్రం కూడా చూశాం.

శుక్రవారం బయల్దేరుతున్నాం. డ్రమ్ము ఖాళీగానే ఎక్కించాం.